జిప్సీ స్టీరింగ్ ఊగిపోతోందా? సామాను కొనే ముందు వదులు వెతకండి

ప్రశ్న: మేము బెంగళూరు బాణసవాడిలో ఉంటాం. నా పుట్టిల్లు అనంతపురం. రెండేళ్ల కిందట 2012 మోడల్ మారుతి జిప్సీ పాతది కొన్నాం. మొదటి యజమాని అప్పటికే పొడవాటి షాకిళ్లు (కమాను పట్టీని ఛాసీకి వేలాడదీసే ముక్కలు) వేయించి ఎత్తు పెంచారు, 235/75 ఆర్15 కొలత మడ్ టైర్లు తొడిగారు. ఆరు నెలలుగా ఒక బాధ మొదలైంది. హెబ్బాళ దాటి విమానాశ్రయం దారిలో వంతెన ఎక్కాక, మీటరు 65 చూపిస్తుండగా ఏదైనా అతుకు మీద చక్రాలు పడితే చాలు, స్టీరింగ్ చేతుల్లోంచి ఎగిరిపోయేంతగా కుడికీ ఎడమకూ కొట్టుకుంటుంది. వేగం 30కి తగ్గితే గాని ఆగదు. అతుకు తగలకపోతే 80లో కూడా నిశ్చింతగా పోతుంది. స్టీరింగ్ డ్యాంపర్ రెండుసార్లు మార్చారు. అలైన్‌మెంట్ మూడుసార్లు, బ్యాలెన్సింగ్ ఒకసారి అయ్యాయి. డ్యాంపర్ మార్చిన ప్రతిసారీ మూడు వారాలు బాగుండి మళ్లీ మొదలవుతుంది. ఇప్పుడు స్టీరింగ్ బాక్స్ బిగించాలంటున్నారు. ఇప్పటికే 38 వేలు ఖర్చయింది. మామయ్యగారు అమ్మేయమంటున్నారు. ఏడేళ్ల పాపను ఎక్కించుకోవాలంటే నాకే భయంగా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

సమాధానం: ముందుగా ఒక మాట ఖచ్చితంగా చెబుతాను. కారణం దొరికే వరకు ఆ బండిని హైవే ఎక్కించకండి. అనంతపురం వెళ్లాల్సి వస్తే రైలుంది, బస్సుంది. పాపను ఎక్కించుకోవడానికి భయపడుతున్నానని రాశారు. ఆ భయం సరైనదే, దాని మాట వినండి.

రెండో మాట. మీ ఉత్తరంలోనే సగం రోగనిర్ణయం ఉంది. ఏ వేగంలో మొదలవుతుంది, దేనివల్ల మొదలవుతుంది, ఎంతకు తగ్గితే ఆగుతుంది, ఏ సామాను మార్చాక ఎన్నాళ్లు బాగుంది అనే నాలుగు సంగతులూ మీరు రాశారు. గ్యారేజీలో ఈ నాలుగు ప్రశ్నలు ఎవరైనా అడిగి ఉంటే మీ 38 వేలల్లో చాలా భాగం మిగిలేది.

ఈలోగా ఎప్పుడైనా మళ్లీ ఊగితే ఏం చేయాలో చెప్పి ముందుకు వెళ్తాను. స్టీరింగ్‌ను రెండు చేతులతో గట్టిగా పట్టుకోండి, కానీ దాని ఊపుకు ఎదురు తిప్పే ప్రయత్నం చేయకండి. బొటనవేళ్లు చక్రం లోపలి కమ్మీల మధ్య పెట్టకండి, విరిగే ప్రమాదం ఉంది. యాక్సిలరేటర్ వదిలేయండి. బ్రేకును ఒక్కసారిగా తొక్కకుండా మెల్లగా వేస్తూ వేగం తగ్గించండి. హజార్డ్ లైట్లు వేసి పక్కకు తీయండి. ఆగిన తర్వాత వెంటనే బయలుదేరకుండా కిందికి వంగి స్టీరింగ్‌ను చక్రాలకు కలిపే టై రాడ్, డ్రాగ్ లింక్ అనే కడ్డీల చివరలు ఊడిపోకుండా ఉన్నాయో లేదో చూడండి.

ఇక అసలు విషయం. ముందు చక్రాల కదలిక అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి రెండు వేరు వేరు జబ్బులు. ఒకటి వణుకు, రెండోది ఊగులాట. వణుకు ఒక వేగం దగ్గర మెల్లగా మొదలై, ఆ వేగం దాటగానే తగ్గుతుంది. రోడ్డు నున్నగా ఉన్నా వస్తుంది. స్టీరింగ్ చేతుల్లో జిలజిలమంటుందే తప్ప లాగుకుపోదు. దానికి కారణం దాదాపు ఎప్పుడూ చక్రంలోనే ఉంటుంది. బ్యాలెన్స్ తప్పడం, వంగిన రిమ్ము, గుండ్రం తప్పిన టైరు. ఊగులాట అలా కాదు. అది నిద్రపోతూ ఉంటుంది. ఒక గుంటో, వంతెన అతుకో తట్టి లేపుతుంది. లేచిన తర్వాత రోడ్డు నున్నగా ఉన్నా తనంతట తానే పెరుగుతుంది, వేగం బాగా తగ్గించే దాకా ఆగదు. ఇంగ్లీషు వాళ్లు దీన్నే డెత్ వాబుల్ అంటారు. మీది స్పష్టంగా రెండోది. అతుకు తగలకపోతే 80లో కూడా బాగా పోతుందని మీరు రాసిన వాక్యమే దానికి సాక్ష్యం.

మరి ఇది జిప్సీకే ఎందుకు వస్తుంది, పక్కింటి కారుకు ఎందుకు రాదు? 1985 చివర్లో మన మార్కెట్లోకి వచ్చినప్పటి నుంచి ఉత్పత్తి ఆగే వరకు జిప్సీ ముందు భాగం ఒకే పద్ధతిలో ఉంది. ఎడమ చక్రం నుంచి కుడి చక్రం దాకా ఒకే గట్టి ఇరుసు, దాన్ని మోసే కమాను పట్టీలు. చిన్నప్పుడు బొంగరం ఆడిన వాళ్లకు ఒక విషయం తెలుసు. వేగంగా తిరుగుతున్న బొంగరాన్ని ఒక పక్కకు వంచబోతే అది ఆ పక్కకు వాలదు, అడ్డంగా మరో దిక్కుకు జరుగుతుంది. తిరిగే చక్రానిది కూడా అదే స్వభావం. గట్టి ఇరుసు ఉన్న బండిలో ఒక చక్రం అతుకు మీద ఎగిరితే ఇరుసంతా వాలుతుంది, దానితో రెండు చక్రాలూ వాలుతాయి. వాలిన చక్రాలు బొంగరంలాగా పక్కకు తిరుగుతాయి. పక్కకు తిరిగిన చక్రాలను రోడ్డు వెనక్కి నెడుతుంది. ఆ నెట్టుడు మళ్లీ ఇరుసును ఎదురు పక్కకు వాలుస్తుంది. అన్ని కీళ్లూ బిగువుగా ఉంటే ఈ ఊపు ఒకటి రెండు చుట్లలో చచ్చిపోతుంది. ఎక్కడో ఒక చోట వదులు ఉంటే ఆ వదులులో ఊపు పెరగడానికి చోటు దొరుకుతుంది. విడివిడి సస్పెన్షన్ ఉన్న కారులో చక్రం దాదాపు నిటారుగా పైకి లేచి దిగుతుంది, రెండో చక్రాన్ని కదిలించదు. 1920లలో తక్కువ గాలితో నడిచే లావు టైర్లు వచ్చినప్పుడు ఈ ఊగులాట కార్ల తయారీదారులందరినీ వేధించింది. ఆ తర్వాతి దశాబ్దంలో ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ వ్యాపించడానికి ఉన్న కారణాల్లో ఇదీ ఒకటి. సూపర్ బజారులో తోపుడు బండి ముందు చక్రం ఉన్నట్టుండి టపటపా కొట్టుకోవడం చూసే ఉంటారు. అదీ ఇదే జాతి.

అందువల్ల మీ సమస్యకు ఒకే ఒక్క ప్రశ్న ఉంది. వదులు ఎక్కడ ఉంది? ఏ సామాను మార్చాలి అన్నది దాని తర్వాత రావాల్సిన ప్రశ్న. మీ విషయంలో అది ముందే వచ్చేసింది.

డ్యాంపర్ సంగతి ఇక్కడే తేల్చేస్తాను, ఎందుకంటే నన్ను ఎక్కువగా బాధపెట్టేది అదే. స్టీరింగ్ డ్యాంపర్ అంటే అడ్డంగా బిగించిన ఒక చిన్న షాక్ అబ్జార్బర్. రాళ్ల దారిలో స్టీరింగ్‌కు తగిలే దెబ్బలను మెత్తపరచడం దాని పని. ఊగులాటను ఆపడం దాని పని కాదు. కొత్తది వేసినప్పుడు బలంగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్లు ఊపును అణచిపెడుతుంది. అసలు వదులు అలాగే ఉండి ప్రతి గుంటకూ ఇంకొంచెం పెరుగుతుంది. మూడు వారాల్లో డ్యాంపర్ ఓడిపోతుంది. జ్వరం వచ్చిన బిడ్డకు కారణం చూడకుండా మాత్రలు మాత్రమే వేస్తూ పోవడం లాంటిది ఇది. డ్యాంపర్ మారిస్తే కొన్నాళ్లు బాగుండటం ఒక రుజువు అనుకోండి. స్టీరింగ్ కీళ్లలోనో, చక్రం తిరిగే కీలులోనో అరుగుదల ఉందని అది చెబుతోంది. పరీక్షలు చేసేటప్పుడు నేనైతే డ్యాంపర్‌ను పూర్తిగా విప్పి పక్కన పెట్టిస్తాను. అప్పుడు వదులు చేతికి దాక్కోకుండా తెలుస్తుంది.

ఒక ఆదివారం పొద్దున మీ ఇంటి ముందే మొదలుపెట్టవచ్చు. ముందు చక్రాలు. మీది ఊగులాటే అయినా దాన్ని తట్టి లేపే చెయ్యి చాలాసార్లు చక్రానిదే. రిమ్ము లోపలి వైపు టార్చి వేసి చూడండి. మడ్ టైర్ల బండ్లలో అక్కడ ఎండిన బురద గడ్డకట్టి ఉంటుంది. కడిగేవాళ్లు బయటి వైపు మాత్రమే కడుగుతారు. ఒక లెక్క చెబుతాను. మీ టైరు వ్యాసం సుమారు 73 సెంటీమీటర్లు. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో అది సెకనుకు 12 చుట్లు తిరుగుతుంది. రిమ్ము అంచున 30 గ్రాముల తేడా ఉన్నా ప్రతి చుట్టుకూ మూడు కిలోలకు పైగా బరువుతో లాగినట్టు ఇరుసును లాగుతుంది. అదే 50లో అయితే ఆ లాగుడు నాలుగో వంతే. 30 గ్రాములంటే చిటికెడు బురద. బురద గీకించి, కడిగించి, ఆ తర్వాత బ్యాలెన్సింగ్ మళ్లీ చేయించండి. యంత్రం మీద తిరుగుతున్నప్పుడు రిమ్ము అంచు పక్కకు ఊగుతోందా, టైరు ఒక చోట ఉబ్బి ఉందా అని మీ కళ్లతో చూడండి. తర్వాత ముందు చక్రాలు వెనక్కి, వెనకవి ముందుకు మార్చండి. మార్చాక ఊగులాట స్వభావం మారితే టైరుకు పాత్ర ఉన్నట్టే. గాలి రెండు ముందు టైర్లలోనూ సమానంగా ఉండాలి. మట్టి దారి కోసం తగ్గించి మళ్లీ నింపడం మరచిపోవడం కూడా మామూలే.

టైర్ల గురించే ఇంకొకటి. జిప్సీ కింగ్‌తో వచ్చే టైరు 205/70 ఆర్15, వ్యాసం దాదాపు 67 సెంటీమీటర్లు. మీవి అంతకంటే ఆరున్నర సెంటీమీటర్లు పెద్దవి. మీటరు ఈ మార్పును ఎరగదు. అది 65 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 71లో పోతున్నారు. పైగా ఆ టైర్ల బరువు కూడా ఎక్కువ. బొంగరం ఎంత బరువైతే దాని పట్టు అంత ఎక్కువ. చిన్న టైర్లతో నోరెత్తకుండా పడి ఉండే వదులు, పెద్ద టైర్లు రాగానే బయటపడుతుంది. తెలిసిన వాళ్ల దగ్గర పాత కొలత చక్రాలు రెండు దొరికితే ముందు వైపు వేసి చూడండి. ఇరుసుకు కాస్త ఊపిరి ఆడుతుంది. కానీ ఊగులాట ఆగిందని అక్కడితో వదిలేయకండి, వదులు అలాగే ఉంటుంది.

ఇప్పుడు అన్నిటికంటే విలువైన పరీక్ష. దీనికి పైసా ఖర్చు లేదు, ఇద్దరు మనుషులు చాలు. బండి సమతలం మీద, నాలుగు చక్రాలూ నేల మీద ఉండాలి. జాకీ ఎత్తకూడదు. హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టండి. ఒకరు స్టీరింగ్ దగ్గర కూర్చుని, చక్రాలు కదిలీ కదలనంతగా కుడికీ ఎడమకూ గబగబా తిప్పుతూ ఉండాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బండి అయితే ఇంజిన్ ఆన్‌లో ఉండాలి. రెండో మనిషి కింద పడుకుని ఒక్కో కీలును చేత్తో పట్టుకోవాలి. స్టీరింగ్ బాక్స్ నుంచి కిందికి దిగే పిట్‌మన్ ఆర్మ్, దాని నుంచి పోయే డ్రాగ్ లింక్, రెండు చక్రాలనూ కలిపే టై రాడ్, వీటి చివర్లలో ఉండే బాల్ జాయింట్లు, స్టీరింగ్ బాక్స్‌ను ఛాసీకి పట్టిన బోల్టులు, కమాను పట్టీల బుష్‌లు, షాకిళ్లు. ఒక ముక్క కదిలినంత వేగంగా దాని పక్క ముక్క కదలకపోతే, టక్ టక్ మని చప్పుడు వేలికి తగిలితే, అక్కడ వదులు ఉన్నట్టు. కంటికంటే వేలే నమ్మదగ్గది. స్టీరింగ్ బాక్స్ చుట్టూ ఛాసీ మీద జుట్టంత సన్నని పగులు ఉందేమో కూడా చూడమనండి. బురద తుడిచి చూస్తేనే కనబడుతుంది. చాలా గ్యారేజీల్లో బండిని ముందు లిఫ్ట్ మీదికి ఎక్కించేస్తారు. చక్రాలు గాలిలో వేలాడితే కీళ్ల మీద బరువు ఉండదు, సగం వదులు దాక్కుంటుంది. అందుకే ఈ పరీక్ష నేల మీదే జరగాలి.

దాని తర్వాత జాకీ. ఒక ముందు చక్రాన్ని ఎత్తి, ఇరుసు కింద స్టాండు పెట్టండి. కేవలం జాకీ మీద నిలబడ్డ బండి కిందికి ఎవరూ దూరకూడదు, ఇది ఎంత అనుభవం ఉన్న మెకానిక్‌కైనా వర్తిస్తుంది. గడియారంలో 12, 6 అంకెలు ఉండే చోట టైరును పట్టుకుని లోపలికీ బయటికీ ఊపండి. వదులు తగిలితే, ఒకరిని బ్రేకు తొక్కి పట్టుకోమని మళ్లీ ఊపండి. బ్రేకు తొక్కగానే వదులు మాయమైతే అది చక్రం బేరింగ్ వదులు. బ్రేకు తొక్కినా వదులు అలాగే ఉంటే అది కింగ్‌పిన్ వదులు. ఈ ఒక్క చిన్న తేడా తెలియక వేలమంది చక్రం బేరింగులు మార్చుకుని డబ్బు పోగొట్టుకుంటారు. అదే టైరును 3, 9 అంకెల చోట పట్టి ఊపితే టై రాడ్ చివరల వదులు తెలుస్తుంది.

కింగ్‌పిన్ దగ్గర కొంచెం సేపు ఆగుతాను. మీ ఉత్తరం చదవగానే నా మనసు అక్కడికే పోయింది. జిప్సీలో ముందు చక్రం కుడి ఎడమలకు తిరిగేది ఇరుసు చివర ఉండే పెద్ద ఇనుప గుండు చుట్టూ. ఆ గుండుకు పైనా కిందా రెండు చిన్న మేకుల్లాంటివి ఉంటాయి, అవే కింగ్‌పిన్‌లు. ఒక్కొక్కటీ ఒక రోలర్ బేరింగ్‌లో కూర్చుంటుంది. రెండు చక్రాలకు కలిపి నాలుగు బేరింగులు. ఈ బేరింగులకు ఒక దురదృష్టం ఉంది. మామూలు బేరింగ్ గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి సమానంగా అరుగుతుంది. ఇవి జీవితాంతం కొద్ది కోణంలోనే అటూ ఇటూ కదులుతాయి, ఎక్కువ కాలం చక్రాలు తిన్నగా ఉన్న స్థితిలోనే దెబ్బలు తింటాయి. గుంట తగిలిన ప్రతిసారీ రోలర్లు గాడిలో అదే చోట నొక్కుకుని గుంటలు చేస్తాయి. వెనక ఉండే సీలు అరిగిపోతే వాగు నీళ్లు లోపలికి పోయి గ్రీజు కడుక్కుపోతుంది. బేరింగ్ కొద్దిగా అరిగినా కింగ్‌పిన్ మీద ఉండాల్సిన బిగువు పోతుంది. ఆ బిగువే ఊగులాటకు మొదటి శత్రువు. డ్యాంపర్ చేస్తుందని అందరూ అనుకునే పనిని నిజంగా చేసేది ఆ బిగువు.

నేను ఈ పాఠం నేర్చుకున్నది డబ్బు పోగొట్టుకునే. చాలా ఏళ్ల కిందట నా జిప్సీ హోసూరు దాటి కృష్ణగిరి వైపు వెళ్తుండగా ఇలాగే ఊగింది. పక్క వరసలో లారీ ఉంది. మా అమ్మ పక్క సీట్లో ఉంది. ఆ రోజు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తు. ఒక గ్యారేజీలో టై రాడ్, డ్రాగ్ లింక్ చివరలు నాలుగూ మార్చారు, ఇంకో చోట టైర్లు మార్పించారు, మరో చోట డ్యాంపర్. నాలుగు నెలలు గడిచాయి. చివరికి ఒక వృద్ధ మెకానిక్ సామాను ఏదీ అడగలేదు. టై రాడ్ విప్పి, చక్రాన్ని చేత్తో నెమ్మదిగా ఒక వైపు నుంచి మరో వైపుకు తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యకు రాగానే చక్రం ఒక మెట్టులో పడినట్టు ఆగింది. ‘ఇది నీకు చెబుతోంది, విను’ అన్నాడు. రోలర్లు గాడిలో చేసిన గుంటల్లో కూర్చుంటున్నాయి. ఆ వానాకాలం సక్లేశపుర వైపు వాగులు దాటించాను, తిరిగొచ్చి గ్రీజు మార్పించలేదు. తప్పు నాదే. నాలుగు బేరింగులు, సీళ్లు మార్చి, కింగ్‌పిన్ కింద ఉండే షిమ్ములు అనే పలుచని బిళ్లలు సర్ది బిగువు సరిచేశాక ఆ బండి మళ్లీ ఊగలేదు.

మీ బండికి కూడా ఇదే పరీక్ష చేయించండి. టై రాడ్ విప్పిన తర్వాత చక్రం మధ్యలో మెట్టు తగులుతుందా? బూరుగు దూదిలో వేలు పెట్టినట్టు ఏ అడ్డూ లేకుండా తిరిగిపోతుందా? రెండూ జబ్బు గుర్తులే. ఆరోగ్యంగా ఉన్న కీలు మొదటి నుంచి చివరి దాకా ఒకే రకం సమానమైన బిగువుతో తిరుగుతుంది. ఆ బిగువు ఎంత ఉండాలో వర్క్‌షాప్ మాన్యువల్‌లో అంకె ఉంటుంది. దాన్ని స్ప్రింగ్ త్రాసు కట్టి లాగి కొలుస్తారు. చేపల దుకాణంలో కొక్కేనికి వేలాడే త్రాసు లాంటిదే. చేత్తో చూసి సరిపోయిందనే మెకానిక్ కంటే త్రాసు తీసిన మెకానిక్‌ను నమ్మండి.

తర్వాత మీ పొడవాటి షాకిళ్లు. సైకిలు చేతులు వదిలి తొక్కినా తిన్నగా పోవడానికి ఒక కారణం ముందు ఫోర్కు వాలుగా ఉండటం. బండిలో కూడా కింగ్‌పిన్ గీత వెనక్కి కొంచెం వాలి ఉంటుంది. దాన్నే క్యాస్టర్ అంటారు. స్టీరింగ్ తనంతట తాను మధ్యకు రావడం దాని చలవే. షాకిల్ పొడవు పెంచితే కమాను పట్టీ కోణం మారి ఇరుసు తిరిగిపోతుంది, క్యాస్టర్ తగ్గిపోతుంది. మీ వీధి మలుపులో తెలిసిపోయే గుర్తు ఒకటి ఉంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వదులుగా పట్టుకుంటే దానంతట అది తిన్నగా వస్తోందా, మీరే తిప్పి తేవాల్సి వస్తోందా? రెండోది అయితే క్యాస్టర్ పోయింది. అలైన్‌మెంట్ మూడుసార్లు చేయించారు కదా, కాగితం ఇచ్చారా? ఇస్తే అందులో క్యాస్టర్ అంకె చూసి మాన్యువల్‌తో పోల్చండి. గట్టి ఇరుసు బండికి అలైన్‌మెంట్ యంత్రం దగ్గర సర్దగలిగేది టో ఒక్కటే, అంటే పైనుంచి చూస్తే రెండు ముందు చక్రాలు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది. క్యాస్టర్ కాదు. కాబట్టి నాలుగోసారి వెళ్లడం దండగ. దానికి మందు ఇరుసుకూ కమానుకూ మధ్య పెట్టే వాలు బిళ్లలు, లేదా పాత పొడవు షాకిళ్లకు తిరిగి వెళ్లడం. నా అభిప్రాయం అడిగితే మీకు రెండోదే మంచిది. వాలు బిళ్లలు పెడితే ఇరుసు ముక్కు కోణం మారి ఇంజిన్ బలాన్ని ముందు ఇరుసుకు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్‌కు కొత్త బాధ మొదలవ్వచ్చు. పాపతో అనంతపురం వెళ్లే బండికి అదనపు ఎత్తు అవసరం లేదు. షాకిళ్లు విప్పినప్పుడే బుష్‌లు, యూ బోల్టులు, కమాను మధ్య బోల్టు కూడా చూడమనండి. మధ్య బోల్టు తెగితే ఇరుసు ఒక పక్క వెనక్కి జరుగుతుంది, బండి వంకరగా నడుస్తుంది.

స్టీరింగ్ బాక్స్ బిగిస్తామంటున్నారు కదా, వద్దని చెప్పండి. పైన కనిపించే మర ఉన్నది లోపలి పళ్ల మధ్య దూరం సర్దడానికి. వదులు వేరే చోట ఉంటే దాన్ని ఎంత బిగించినా ఊగులాట పోదు. అతిగా బిగిస్తే స్టీరింగ్ మధ్యలో పట్టేస్తుంది, మలుపు తర్వాత తిరిగి రాదు, పళ్లు అరిగిపోతాయి. అది ఇప్పుడున్న జబ్బుకంటే పెద్ద ప్రమాదం. నేల మీది పరీక్షలో బాక్స్ నుంచి బయటికి వచ్చే షాఫ్ట్ స్వయంగా వదులుగా కదిలితేనే బాక్స్ గురించి ఆలోచించాలి.

ఇదే బాధతో ఉన్న ఇతర పాఠకుల కోసం రెండు మాటలు. 2023లో వచ్చిన జిమ్నీకి కూడా ముందు గట్టి ఇరుసే, కానీ కమాన్ల బదులు కాయిల్ స్ప్రింగులు. దానిలో ఇరుసు పక్కకు జరగకుండా పట్టుకునే పాన్‌హార్డ్ రాడ్ ఉంటుంది. నేల మీది పరీక్షలో ముందుగా దాని రెండు చివరల బుష్‌లు, బోల్టు రంధ్రాలు చూడాలి. రంధ్రం గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తే బోల్టు ఎంత బిగించినా లాభం లేదు. 2020 నుంచి వస్తున్న థార్ ముందు చక్రాలకు విడివిడి సస్పెన్షన్ ఉంది. దానిలో స్టీరింగ్ వణికితే చక్రం, టైరు, బాల్ జాయింట్, కింది ఆర్మ్ బుష్ అనే వరసలో వెతకండి. బ్రేకు తొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కుల మీద అనుమానపడండి. స్టీరింగ్‌లో కాకుండా సీటులో, నేలలో సన్నగా గుయ్‌మంటే ప్రొపెల్లర్ షాఫ్ట్ చూడండి, అది చక్రం కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా తిరుగుతుంది.

మామయ్యగారి మాటకు వస్తాను. అమ్మడం తప్పు కాదు. కానీ ఇప్పుడున్న స్థితిలో అమ్మితే, కొత్త డ్యాంపర్ వేసిన మూడు వారాల్లో అది బాగానే నడుస్తుంది, కొనేవారికి ఏమీ తెలియదు. నాలుగో వారం వాళ్ల పాప ఆ సీట్లో ఉంటుంది. మీకు ఈ బండి అమ్మిన వారు కూడా బహుశా తెలియక అలాగే చేసి ఉంటారు. అందుకని బాగు చేయించండి, తర్వాత ఉంచుకుంటారో అమ్ముతారో మీ ఇష్టం. మామయ్యగారికి ఈ ఒక్క మాట చెప్పి చూడండి, ఒప్పుకుంటారనే నా నమ్మకం.

గ్యారేజీకి వెళ్లినప్పుడు ‘స్టీరింగ్ ఊగుతోంది, బాగుచేయండి’ అనకండి. నేల మీద పరీక్ష నా ముందు చేయండి, బ్రేకు తొక్కి 12–6 పరీక్ష చేయండి, టై రాడ్ విప్పి కింగ్‌పిన్ బిగువు కొలవండి అని ఈ మూడు పనులు పేరు పెట్టి అడగండి. వాటికి కూలీ ముందే మాట్లాడుకోండి. చూపించమంటే చిరాకుపడే చోట బండి వదలకండి. మీరు ఆడవారు కాబట్టి ఏదో ఒకటి చెప్పి పంపిద్దామని చూసేవాళ్లు ఉంటారు. కిందికి వంగి మీ వేలితోనే ఆ కీలు పట్టుకుంటే ఆ ధోరణి తగ్గుతుంది. బేరింగులు, సీళ్లు, బుష్‌లు జె.సి. రోడ్డులో దొరుకుతాయి. పేరున్న బేరింగ్ కంపెనీవే తీసుకోండి, డబ్బా మీది నంబరు పాతదాని నంబరుతో సరిపోవాలి. ఎడమ చక్రానికి మాత్రమే మార్చి కుడిది వదిలేయకండి.

పని అయ్యాక పాత కింగ్‌పిన్ బేరింగులను ఒక గుడ్డలో చుట్టి మీ చేతికి ఇమ్మనండి. గ్రీజు తుడిచి, బయటి గిన్నె లోపలి గాడిలో గోరు నెమ్మదిగా తిప్పండి. వరసగా చిన్న చిన్న గుంటల్లో గోరు ఆగుతూ ఆగుతూ పోతే, ఆరు నెలలుగా మీ చేతుల్లోంచి స్టీరింగ్ లాక్కున్నది అదే. గోరు నున్నగా జారిపోతే నాకు మళ్లీ రాయండి. క్యాస్టర్ కాగితం, నేల మీది పరీక్షలో ఏ కీలు దగ్గర వేలికి చప్పుడు తగిలిందో కూడా జతచేయండి, అక్కడి నుంచి వెతుకుదాం.